ఫ్లూ టీకాను గూర్చిన అపోహలు

“ఫ్లూ టీకా వేయించుకొనినచో ఆ జ్వరమే తగులుకొనును” అను మాట మన ముద్దనూరు ప్రాంతపు రచ్చబండలయందు తఱచు వినవచ్చుచున్నది. ఇది సరికాదు. సూదిమందుగా నిచ్చు ఫ్లూ టీకాలో జీవముగల వైరసు ఉండదు. ఉడికించిన శనగలు చల్లి మొలకకై కాచుకొను రైతు గలడా? అయినను ఒకటి రెండు దినములు చేయి నొచ్చుట, ఒళ్లు వెచ్చబడుట కలదు. దేహము రక్షణకు సిద్ధపడుచున్నదనుటకే అది గుఱుతు. గొఱ్ఱెలకు చిటుకరోగపు టీకా తప్పక వేయించి, ముసలితల్లికి మాత్రము సూది వలదను కొమాళ్లను నేనెఱుగుదును.

టీకాబలము కుదురుకొనుటకు సుమారు 2 వారములు పట్టును. ఆలోపల ఫ్లూ సోకవచ్చును. పడిశము వేఱు వైరసులవలనను గలుగును. “వేయించుకొనియు ఫలింపలేదు” అను నింద తఱచు ఇట్లే పుట్టుచున్నది. టీకా పూర్ణరక్షణ మని నేననను, రోగతీవ్రతనైనను తగ్గించును. వైరసు రూపు మార్చుచుండును గావున ఏటేట వేయించుకొనవలయును.

1918 లో బొంబాయి రేవున దిగి, రైలుమార్గములవెంట వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటికిపైగా ప్రాణములను గొన్నది. నాటికి ఈ టీకా లేదు. మనుష్యులనుండి ఆ వైరసును వేఱుపఱచుటయే 1933 లో జరిగినది.

గర్భిణులు, వృద్ధులు, ఉబ్బసము, మధుమేహము గలవారు ముందుగా వేయించుకొనదగును. మందు పడక ఊపిరి సలుపకపోవుట మిక్కిలి అరుదు. అది సాధారణముగ కొద్ది నిమిషములలోనే తెలియును. కావున సూది పిదప అరగంట వైద్యశాలయందే కూర్చుండుడు. మునుపు ఏ టీకాకైనను అట్టి బాధ కలిగియున్నచో వైద్యునకు ముందే తెలుపుడు.