సరిహద్దు ఇళ్ల టీవీ ఖర్చు: తెలుగు తగ్గకుండా బిల్లు తగ్గేదెలా?

పావగడలోనో, బాగేపల్లిలోనో, హోసూరు చుట్టుపక్కల పల్లెల్లోనో ఒక తెలుగింటి టీవీ ఖర్చును కాగితం మీద పెట్టి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. కేబుల్ ఆపరేటరుకు నెలనెలా కట్టేది ఆ రాష్ట్ర భాషా ప్యాక్‌కు. ఇంట్లో అవ్వ కోసం, అమ్మ కోసం తీసుకున్న తెలుగు ప్యాక్ దానికి అదనం. అవే సీరియళ్లను ఫోనులో చూసేందుకు కొడుకు కట్టిన యాప్ చందా మరొకటి. కోడలి ఫోను రీచార్జితో పాటు వచ్చిన ఇంకొక యాప్‌ను ఎవరూ తెరిచి చూడనే లేదు. రాయగడ, బరంపురం, పర్లాకిమిడి ఇళ్లలోనూ, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరోంచలోనూ ఇదే వరస. ప్యాక్ పేరు మాత్రమే మారుతుంది.

ఖర్చు మితిమీరిందని ఇంటి పెద్దకు తోచిన రోజున మొట్టమొదట తెగిపోయేది తెలుగు ప్యాకే. రాష్ట్ర భాషా ప్యాక్ ఆపరేటరు ఇచ్చినది కనుక ఉంటుంది. క్రికెట్ కోసం యాప్ ఉంటుంది. బిల్లులో ‘అదనం’ అని రాసి ఉన్న పాపానికి తెలుగు పోతుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ సరిహద్దు గ్రామాల్లో కాదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది, 2015-16 నాటికి ఆ నియమం పదో తరగతికి చేరింది. కన్నడ మాధ్యమంలోనో ఒడియా మాధ్యమంలోనో చదివే పిల్లవాడికి తెలుగు అక్షరాలు కంటబడే కొద్ది చోట్లలో టీవీ వార్తల అడుగున పరుగెత్తే వరుస ఒకటి. కన్నడ లిపి వచ్చిన పిల్లలు ఆ వరుసను కూడబలుక్కుని చదివేయగలరు. రెండు లిపుల మధ్య ఉన్న చుట్టరికం అటువంటిది. తమిళ, ఒడియా లిపులు నేర్చిన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు, వారికి తెలుగు అందేది ప్రధానంగా చెవి ద్వారానే. అందుచేత కత్తిరింపు తెలుగుతో మొదలు కాకుండా చూసుకోవడం మంచిది. కత్తిరించదగినవి వేరే చాలానే ఉన్నాయి.

మొదట బిల్లు చదవడం తెలియాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూపొందించిన కొత్త విధానం 2019 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బిల్లులో మూడు అంశాలుంటాయి. చానెళ్లను ఇంటికి చేర్చినందుకు తీసుకునే నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు ఒకటి, ఎంచుకున్న పే చానెళ్ల ధర రెండవది, వీటిపై 18 శాతం జీఎస్టీ మూడవది. ఆ ఫీజు 100 చానెళ్లకు 130 రూపాయలకు మించరాదని మొదట నిర్ణయించారు. 2020లో అదే 130 రూపాయలకు 200 చానెళ్లు ఇవ్వాలన్నారు. 2024 జూలైలో చేసిన సవరణతో ఈ గరిష్ఠ పరిమితి తొలగిపోయింది. ప్రస్తుతం ఫీజు ఎంతన్నది ఆపరేటరు నిర్ణయం. ప్రాంతాన్ని బట్టి వేరు వేరుగా కూడా పెట్టుకోవచ్చు. కనుక పక్క ఊరి బంధువుల బిల్లుతో పోల్చి చూసుకోవడం మునుపటికన్నా ఇప్పుడు ఎక్కువ అవసరం.

ఒక హక్కు మాత్రం అలాగే ఉంది. ఆపరేటరు అందిస్తున్న చానెళ్లలో దేనినైనా విడిగా కోరుకోవచ్చు. ‘ఈ ఊళ్లో కన్నడ ప్యాక్ తీసుకుంటేనే తెలుగు ఇస్తాం’ అన్న మాటకు నిబంధనల్లో ఆధారం లేదు. అడిగేవారు లేకపోవడం వల్లనే ఆ మాట చెల్లుబాటవుతోంది.

విడిగా తీసుకుంటే ప్రతిసారీ చవక అవుతుందనుకోవడమూ సరికాదు. లెక్క వేసి చూడాలి. ఇంట్లో నిజంగా చూసేవి నాలుగు తెలుగు పే చానెళ్లు, రెండు కన్నడ చానెళ్లు అనుకుందాం. ప్యాక్‌లో చేర్చే చానెల్ విడి ధర 19 రూపాయలు దాటరాదన్నది 2022 నవంబరు నాటి సవరణ. అంత ధరే వేసుకున్నా ఆరింటికి 114 రూపాయలు, జీఎస్టీ కలిపితే 134 రూపాయల 52 పైసలు. రెండు ప్యాక్‌లకు పన్నుతో కలిపి కడుతున్నది ఇంతకు మించితే విడి చానెళ్లు లాభం, తక్కువైతే ప్యాకే లాభం. ఒక కాగితం, కలం తీసుకుని, వారం రోజులపాటు ఎవరు ఏ చానెల్ చూశారో రాసుకుంటే చాలు. చాలా ఇళ్లలో ఆ జాబితా పది చానెళ్లు దాటదు. తెలుగు వార్తా చానెళ్లలో పెక్కు యూట్యూబులో ప్రత్యక్షంగా ఉచితంగానే వస్తున్నాయి కాబట్టి, ఇంటర్నెట్ ఉన్న ఇంట్లో వాటి కోసం వేరే కట్టనవసరం లేదు. హెచ్‌డీ చానెళ్ల ధర సాధారణంగా ఎక్కువ. పాత డబ్బా టీవీ ఉన్నవారు వాటికి కట్టడం దండగ.

కేబుల్‌తో ఇంకొక చిక్కు ఉంది. స్థానిక కంట్రోల్ రూములో తెలుగు చానెల్ పెట్టకపోతే ఎంత అడిగినా రాదు. డీటీహెచ్‌కు ఆ ఇబ్బంది లేదు, ఉపగ్రహం నుంచి వచ్చే చానెళ్లు బరంపురానికైనా బళ్లారికైనా ఒక్కటే. అయితే చిరునామాను బట్టి కంపెనీ ముందుగా చూపించే ప్యాక్ రాష్ట్ర భాషదై ఉండవచ్చు. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్న యానాంలో సైతం చిరునామాలో ‘పుదుచ్చేరి’ అని ఉండడంతో తమిళ ప్యాక్ ఎదురయ్యే అవకాశం ఉంది. దానిని మార్చుకోవచ్చునన్న సంగతి దుకాణదారు చెప్పకపోతే వీక్షకుడే అడగాలి. ఇక 2017 డిసెంబరులో 149 రూపాయల ప్రారంభ ధరతో ఫోను, టీవీ, ఇంటర్నెట్‌లను కలిపి ఇచ్చిన ఫైబర్‌నెట్ సంగతి చాలామంది ప్రస్తావిస్తారు. అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ, ఆ రాష్ట్రం కోసం ఏర్పడినది. గట్టు అవతలి చుట్టాల బిల్లు చూసి నిట్టూర్చడం తప్ప ప్రయోజనం లేదు.

రెండో టీవీ ఉన్న ఇళ్లవారు, వృద్ధులు ఇద్దరే ఉండే ఇళ్లవారు దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్‌ను మరచిపోకూడదు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలైన ఈ సేవకు నెల చందా లేదు, డిష్, బాక్సు ఒక్కసారి కొనుక్కుంటే సరి. సప్తగిరి, యాదగిరి రెండూ అందులో వస్తాయి. ప్రైవేటు తెలుగు చానెళ్లు అందులో బహు తక్కువ కనుక సీరియళ్లకు అలవాటుపడిన ఇంటికి ఇది పూర్తి ప్రత్యామ్నాయం కాజాలదు. ఇంటర్నెట్ ఉంటే ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన ‘వేవ్స్’ యాప్‌లోనూ దూరదర్శన్ చానెళ్లు చూడవచ్చు.

అసలు డబ్బు రెండుసార్లు పోయేది యాప్‌ల దగ్గర. ఏ చానెల్ ఏ యాప్‌లో ఉందో తెలిస్తే సగం సమస్య తీరుతుంది. స్టార్ మా కార్యక్రమాలు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. ఆ చానెల్‌కు డీటీహెచ్‌లో కడుతూ, యాప్‌కూ కడుతూ ఉన్నవారు ఒకే సీరియల్‌ను రెండుసార్లు కొంటున్నట్టే. ఇంట్లో స్మార్ట్ టీవీ, నికరమైన ఇంటర్నెట్ ఉంటే చానెల్ తీసేయవచ్చు. వర్షం పడితే ఇంటర్నెట్ పోయే ఊరైతే యాప్‌నే వదులుకోవడం తెలివి. రెండూ ఉంచుకోవలసిన ఇల్లు అరుదు.

ఇక్కడే రెండు భాషల ఇళ్లకు ఒక అనుకూలత ఉంది, దానిని గమనించినవారు తక్కువ. సన్ నెక్స్ట్ చందా ఒక్కటి కడితే జెమినితో పాటు తమిళ సన్ టీవీ, కన్నడ ఉదయ టీవీ కార్యక్రమాలూ వస్తాయి. జీ5లో జీ తెలుగుతో పాటు జీ కన్నడ, జీ తమిళ్, జీ మరాఠీ, ఒడియా జీ సార్థక్ ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయిన తరువాత స్టార్ చానెళ్లతో పాటు కలర్స్ వారి కన్నడ, మరాఠీ, ఒడియా కార్యక్రమాలు కూడా ఒకే గూటికి చేరాయి. అనగా హోసూరులో పిల్లలకు తమిళం, తాతకు తెలుగు కావలసిన ఇంటికి రెండు చందాలు అక్కరలేదు. పెక్కు సినిమాలను, క్రికెట్ వ్యాఖ్యానాన్ని సైతం ఆడియో భాష మార్చుకుని వినవచ్చు. అయితే కొన్ని యాప్‌లలో ఒక్క భాషకే పరిమితమైన చవక ప్లాన్లు ఉంటాయి, రెండు భాషల ఇల్లు అటువంటిది తీసుకుంటే మళ్లీ ఇంకొకటి కొనవలసి వస్తుంది. ఈటీవీ విన్ తెలుగుకే పరిమితం. ‘ఆహా’ 2020లో తెలుగుతో మొదలై తరువాత తమిళాన్ని చేర్చుకుంది. టీవీ చానెల్ లేని వేదిక కనుక అది ప్రధానంగా కొత్త సినిమాల కోసమే.

సినిమాల కోసమైతే ఏడాది పొడవునా అన్ని చందాలూ ఎందుకు? సంక్రాంతికి విడుదలైన చిత్రాలు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నాటికి ఓటీటీలో కనిపిస్తాయి. ఐపీఎల్ మార్చి చివరి నుంచి మే చివరి వరకు. ఒక యాప్‌కు ఒక నెల కట్టి, చూడదలచినవి చూసి, ఆపివేసి, తరువాతి నెల మరొక యాప్‌కు పోవడంలో తప్పు లేదు. కంపెనీలకు ఇది నచ్చదు, కనుకనే వార్షిక చందాను చవకగా చూపుతాయి. 2025లో అమెజాన్ ప్రైమ్ చందా నెలకు 299, మూడు నెలలకు 599, సంవత్సరానికి 1,499 రూపాయలుగా ఉంది. నెలనెలా కడితే ఏడాదికి 3,588 అవుతుంది కాబట్టి పన్నెండు నెలలూ చూసేవారికి వార్షికమే మేలు. ఏడాదిలో రెండు మూడు నెలలు మాత్రమే చూసే ఇంటికి 599 చాలు, మిగిలిన 900 ఇంట్లోనే ఉంటాయి.

ఫోను రీచార్జితో ‘ఉచితంగా’ వచ్చే యాప్‌లను గురించి రెండు మాటలు. 28 రోజుల రీచార్జి చేసేవారు ఏడాదికి 12 కాదు, 13 సార్లు కడతారు. వెంట వచ్చే చందా తరచుగా ఫోనుకే పరిమితమైనది, టీవీలో తెరుచుకోదు. ఇంటిల్లిపాదీ కలిసి చూడాలనుకునేవారికి అది పనికిరాదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే కొడుకు ఖాతాను ఊళ్లో వాడుకోవచ్చునా అన్నది ఆయా కంపెనీ నియమాన్ని బట్టి ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలై నుంచి భారతదేశంలో ఒక ఖాతాను ఒకే ఇంటికి పరిమితం చేసింది.

చందా కన్నా డేటా ఖర్చు ఎక్కువైన ఇళ్లూ లేకపోలేదు. హెచ్‌డీ నాణ్యతలో గంటసేపు చూస్తే సుమారు 3 జీబీ వరకు, సాధారణ నాణ్యతలో 1 జీబీ వరకు ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ఉన్న ఫోనులో హెచ్‌డీ సినిమా 40 నిమిషాలకే ఆగిపోతుంది. ఆపైన డేటా బూస్టర్. అరచేతి తెర మీద హెచ్‌డీకీ సాధారణ చిత్రానికీ తేడా పెద్దగా తెలియదు కాబట్టి యాప్ సెట్టింగ్స్‌లో నాణ్యతను తగ్గించి పెట్టుకోవడం ఉత్తమం. రోజూ రెండు మూడు గంటలు చూసే కుటుంబానికి బ్రాడ్‌బ్యాండ్ తీసుకోవడమే గిట్టుబాటు. బీఎస్ఎన్ఎల్ 2024 అక్టోబరులో ఫైబర్ వినియోగదారుల కోసం ఐఎఫ్‌టీవీ అనే సేవను ప్రారంభించింది. అందులో చానెళ్లు చూసినందుకు డేటా కోటా తరగదు. ఊరికి ఫైబర్ వచ్చిందో లేదో దగ్గరి టెలిఫోన్ ఎక్స్చేంజిలో అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా నిశ్శబ్దంగా డబ్బు పోయేది ఆటోపే ద్వారా. ‘ఒక్క రూపాయికి మొదటి నెల’ అని చూసి నొక్కినప్పుడే, తరువాతి నెలల సొమ్ము తీసుకునేందుకు అనుమతి కూడా ఇచ్చినట్టవుతుంది. ఆ తరువాత పిన్ కూడా అడగదు. ఫోనులోంచి యాప్ తీసివేస్తే చందా ఆగిపోతుందని ఎంతోమంది నమ్ముతారు, ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మాండేట్స్ అన్న చోటికి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి. వస్తుంది కూడా, కాకపోతే సాధారణంగా ఆంగ్లంలో. తెలుగు, కన్నడం చదవగలిగిన పెద్దలకు అది అర్థం కాదు. చదువుకునే పిల్లల చేత వారానికొకసారి ఆ సందేశాలు చదివించుకోవడం ఆ ఇళ్లకు తేలికైన ఉపాయం. చేరడం సులువు చేసి, మానడం కష్టం చేసే ‘చందా ఉచ్చు’ను అనుచిత వ్యాపార పద్ధతిగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో పేర్కొంది.

సంతలోనో, మొబైల్ దుకాణంలోనో యాభై, వంద రూపాయలకు ‘ఏడాది పాస్‌వర్డ్’ అమ్మేవారి జోలికి పోరాదు. అది వేరొకరి ఖాతా, ఏ రోజు ఆగుతుందో అమ్మినవాడికే తెలియదు. కొత్త సినిమాలు ఊరికే చూపే సైట్లు పైరసీవి. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు అటువంటి సైటు నిర్వాహకుణ్ణి అరెస్టు చేసిన సంగతి తెలిసిందే. ఆ సైట్లలో కనిపించే జూదం యాప్‌ల ప్రకటనలే ఇంటికి ఎక్కువ ప్రమాదకరం.

పనుల కోసం నెలల తరబడి ఊరు విడిచిపోయే కుటుంబాలు ఆ కాలానికి టీవీ సేవను తాత్కాలికంగా నిలిపివేయమని ఆపరేటరును కోరవచ్చు. 2017 నాటి ట్రాయ్ నిబంధనల్లో ఈ సదుపాయం ఉంది, పదిహేను రోజుల ముందుగా తెలపాలి. నోటిమాటగా చెప్పక, కస్టమర్ కేరుకు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి. ఆపరేటరుగానీ యాప్ కంపెనీగానీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీలతో కలిపి 17 భాషల్లో అది పనిచేస్తోంది. బిల్లు, సొమ్ము పోయిన తేదీ, బ్యాంకు సందేశం దగ్గర పెట్టుకుని మాట్లాడితే పని త్వరగా అవుతుంది.