పలక కింది నేల

నీరు పల్లమెరుగునన్న సామెత వినని తెలుగువాడు లేడు. దానిని నిత్యం పనిలో పెట్టేవాడు మాత్రం తాపీ మేస్త్రి. పారదర్శకమైన సన్నని గొట్టంలో గాలిబుడగ లేకుండా నీరు నింపి, రెండు కొసలను గదిలో రెండు మూలల నిలబెడితే, నడుమ గొట్టం ఎన్ని వంకరలు తిరిగినా రెండు కొసలలోని నీరు ఒకే మట్టాన నిలుస్తుంది. పాఠశాలలో చెప్పే ద్రవపీడన సూత్రమే ఇది. కంటికి చదునుగా తోచిన కాంక్రీటు నేల ఏ మూల ఎంత పల్లమో దీనివల్ల తేలిపోతుంది.

చలిదేశాల ఇండ్లలో ఈ పరీక్ష అవసరం మరీ ఎక్కువ. అమెరికా, కెనడాల శీతల ప్రాంతాలలో నేల గడ్డకట్టే లోతును దాటి పునాది దించాలి. అంత లోతు తవ్విన చోటును వృథా చేయక ఇంటి కింద నేలమాళిగ కట్టుకోవడం అక్కడ వాడుక అయినది. తొలుత అది సామాను కొట్టు. కనుక నేలను నున్నగా తీర్చే శ్రద్ధ తరచు ఉండదు. తరువాత చోటు చాలక దానిని చదువుల గదిగానో, పడకగదిగానో మార్చి టైల్సు పరచబూనినప్పుడు పాత లోపాలన్నీ బయటపడతాయి.

ఇక్కడ విద్యార్థులు గమనించదగిన భేదం ఒకటి ఉన్నది. సమతలం వేరు, క్షితిజ సమాంతరం వేరు. వాలుగా అమర్చిన వ్రాతబల్ల సమతలమే గాని క్షితిజ సమాంతరం కాదు. టైల్సుకు ముఖ్యంగా కావలసినది సమతలం. తూము ఉన్న గదిలో నేల ఆ వైపునకు వాలి ఉండటమే న్యాయం. వాలును నీటిగొట్టం చెబుతుంది. మిట్టపల్లాలను చెప్పేది తిన్నని పొడుగాటి బద్ద. అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం 10 అడుగుల నిడివిలో తేడా పావు అంగుళం మించరాదు. ఏదైనా ఒక అంచు 15 అంగుళాలు గాని, అంతకు మించి గాని ఉన్న పలకలకు అంగుళంలో ఎనిమిదవ వంతే హద్దు. పెద్ద పలక గుంటమీద వంతెనవలె నిలుస్తుంది. బరువైన బీరువా కాలు అక్కడ మోపితే పగులుతుంది. పక్కదానికంటె లేచి ఉన్న అంచు వృద్ధుల కాలికి తగులుతుంది.

అయితే కొలతకు ముందే అడుగవలసిన ప్రశ్న మరొకటి: ఈ నేల పొడిగా ఉన్నదా? కాంక్రీటులోని సూక్ష్మ రంధ్రాల గుండా మట్టిలోని తేమ పైకి వస్తుంది. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నేలపై పరచి, నాలుగంచులూ బంకపట్టీతో మూసి, కనీసం 16 గంటల తరువాత ఎత్తి చూడాలి. నీటిచుక్కలో, తడిమరకో కనిపిస్తే ముందు దాని మూలం వెదకాలి. తేమను పలకతో కప్పినంత మాత్రాన అది ఆరిపోదు. పగుళ్లనూ పరికించాలి. వెంట్రుకవాసి పగులు కాంక్రీటు ఎండి ముడుచుకున్నందువల్ల పుట్టి ఉండవచ్చును. ఒక అంచు ఎత్తుగా, రెండవది దిగువగా ఉంటే కింది మట్టి కదిలినదేమోనని అనుమానించాలి.

పని ఆ తరువాతనే. మిట్టలను గ్రైండింగు చక్రంతో అరగదీయాలి. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది; ధూళిని లాగే యంత్రం, ముక్కుకు తగిన తొడుగు తప్పనిసరి. రంగు, నూనె, వదులైన పైపొర తొలగించి, ప్రైమరు పూసి, తనంతట తాను మట్టానికి వచ్చే సిమెంటు మిశ్రమాన్ని గుంటలలో పోయాలి. అదీ నీటివలె పల్లమే ఎరుగును. కనుక తూముకు వాలిన నేలకు అది తగదు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల గదికి సగటున 1 సెంటీమీటరు మందం కావలసివస్తే 120 లీటర్ల మిశ్రమం పడుతుంది. తరగతిలో ఇవ్వదగిన లెక్క ఇది. సంచిపై చెప్పిన కొలతకు మించి నీరు కలిపితే మిశ్రమం సులువుగా పారుతుంది గాని బలం తగ్గి, పైపొర పొడిపొడిగా రాలుతుంది.

పని ముగిసిన తరువాత ఈ శ్రమ ఏదీ కంటబడదు. చూడవచ్చిన చుట్టాలు పలక రంగును మెచ్చుకుంటారు. కింది నేల సంగతి ఎవరూ అడుగరు. అందుకే ఖర్చు తగ్గించుకోదలచిన గృహస్థు మొదట కోత పెట్టేదీ దీనికే. పగిలిన పలకను తీసి మరొకటి పెట్టవచ్చును. కింది నేలను సరిదిద్దాలంటే పరచినదంతా పెకలించాలి. పిల్లలచేత అక్షరాలు దిద్దించే పంతులుగారికి ఈ సంగతి మరొకరు చెప్పనక్కరలేదు.