ఎరువు సంచి విప్పితే... ఒక హాబీ, ఓ ఉపాధి!

మీ రెజ్యూమెలో చివరి లైన్ ఒకసారి చూడండి. ‘హాబీలు: గార్డెనింగ్, మ్యూజిక్, రీడింగ్’ అని ఉందా? చాలామంది ఫ్రెండ్ రెజ్యూమె చూసి రాసేసే లైన్ అది. ఇంటర్వ్యూలో ఎవరైనా అక్కడే ఆగి, ‘గార్డెనింగ్ అన్నారు కదా, కుండీలో ఏ ఎరువు వేస్తారు? ఎంత వేస్తారు? ఎందుకు?’ అని అడిగితే? తడబడితే పోయేది ఆ ఒక్క జవాబే కాదు. పైన రాసిన మిగతా లైన్ల మీద కూడా నమ్మకం పోతుంది.

ఆ లైన్ తీసేయొచ్చు. లేదంటే నిజం చేసుకోవచ్చు. దానికి కావాల్సింది ఒక పశువుల ఎరువు సంచి, పది కుండీలు, ఒక నెల. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ చదువుకునే రోజుల్లో రోజుకి ఇరవై నిమిషాలు పెద్ద లెక్కేం కాదు.

సంచిలో ఏముంది?

నర్సరీల్లో ఎక్కువగా దొరికేవి చివికిన పశువుల ఎరువు, గొర్రె-మేకల ఎరువు, కోళ్ల ఎరువు. పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. గొర్రెల, కోళ్ల ఎరువుల్లో 3 శాతం దాకా ఉంటుంది. అందుకే అన్నిటినీ ఒకే కొలతలో వేస్తే మొక్క మాడిపోతుంది. కుండీ మిశ్రమంలో పశువుల ఎరువు మూడో వంతు, గొర్రెల ఎరువు ఐదో వంతు, కోళ్ల ఎరువు పదో వంతు మించకుండా చూసుకోండి. మిగతాది ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు. మిద్దె మీద పెడుతుంటే పొట్టు కాస్త ఎక్కువ కలపండి, బరువు తగ్గుతుంది.

ఇప్పుడో చిన్న లెక్క. 25 కిలోల పశువుల ఎరువులో ఉండే నత్రజని సుమారు 125 గ్రాములు. 46 శాతం నత్రజని ఉండే యూరియా అయితే 270 గ్రాములు చాలు. మరి పాతిక కిలోలు మెట్లెక్కించి మోయడం దేనికి? ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్నే ఇది. జవాబు: కర్బనం కోసం. ఎరువులోని సేంద్రియ పదార్థం మట్టిని గుల్లగా ఉంచుతుంది, నీటిని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు తిండి పెడుతుంది. యూరియా మొక్కకు నత్రజని ఇస్తుంది కానీ మట్టిని బాగు చేయదు. మే నెల ఎండలో మిద్దె మీద కుండీకి నీళ్లు పోసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

పచ్చిదా, మాగిందా?

అసలు మెలకువంతా ఇక్కడే. పచ్చి ఎరువు కుండీలో కుళ్లేటప్పుడు వేడి, అమ్మోనియా పుట్టి లేత వేళ్లను దెబ్బతీస్తాయి. గడ్డి, పొట్టు ఎక్కువగా ఉంటే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే వాడేసుకుంటాయి. మొక్క పసుపెక్కుతుంది. పైగా పచ్చి పేడలో రోగకారక క్రిములు ఉండొచ్చు. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల ప్రకారం, తినే భాగం మట్టికి తగిలే పంటలకు పచ్చి ఎరువు వేస్తే కోతకు కనీసం 120 రోజుల ఎడం ఉండాలి. మన తోటకూర నెలకే కోతకొస్తుంది. కాబట్టి మాగిన ఎరువే వాడాలి, ఆకులు బాగా కడగాలి.

సంచి విప్పగానే వాసన చూడండి. వాన పడ్డ మట్టి వాసన వస్తే మంచిదే. ముక్కు మండితే ఇంకా మాగలేదు. పిడికిట్లో పిండితే నీళ్లు కారుతున్నాయా? మీరు ఎరువు ధరకి నీళ్లు కొన్నారన్నమాట. లావుగా, తెల్లగా, ముడుచుకుపోయిన పురుగులు కనిపిస్తే ఏరేయండి. వేళ్లు కొరికేసే రకాలు వాటిలో ఉంటాయి.

చివరిగా పెసల పరీక్ష. ఒక కప్పులో మట్టి, ఇంకో కప్పులో సగం మట్టి, సగం ఎరువు. రెండింటిలో పదేసి పెసలు వేసి తడపండి. నాలుగైదు రోజుల తర్వాత మట్టిలో తొమ్మిది, ఎరువు కప్పులో నాలుగు మొలిస్తే ఆ సంచి ఇప్పుడే వాడొద్దు. నీడన కుప్పపోసి, తడి ఆరకుండా వారానికోసారి తిరగేస్తూ నెల ఆగి, మళ్లీ పరీక్షించండి.

నోట్‌బుక్కే మీ సర్టిఫికెట్

ఐదు కుండీల్లో ఎరువు కలపండి, ఐదింటిలో వద్దు. అన్నిటిలో తోటకూర చల్లండి. ఎప్పుడు మొలిచింది, ఎన్నిసార్లు నీళ్లు పోశారు, కోస్తే ఎన్ని గ్రాములు వచ్చింది... తేదీలతో రాసుకోండి. ఫలితం అనుకున్నట్టు రాకపోయినా ఉన్నదున్నట్టే రాయండి. ‘నా ప్రయోగం ఎక్కడ తప్పిందంటే...’ అని చెప్పగలిగిన అభ్యర్థిని ఎవరూ అంత తేలిగ్గా మర్చిపోరు.

ఆదాయం సంగతేంటి?

అపార్ట్‌మెంట్లలో మొక్కలు పెంచాలని ఉన్నా సంచులు మోయలేని, కలపడం తెలియని పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. కుండీలు నింపడం, సీజన్ మారగానే పై మట్టి తీసి ఎరువు కలపడం... ఇది మీరు చేయగల పని. మొదట మీ వీధిలో రెండిళ్లతో మొదలుపెట్టండి. పచ్చి ఎరువు వేసి ఒకరి మొక్కలు చంపితే మూడో ఇల్లు రాదు, అది గుర్తుంచుకోండి.

సొంతంగా సంచుల్లో నింపి అమ్మాలనుకుంటే మాత్రం నిబంధనలు తెలుసుకోవాలి. వర్మీకంపోస్టు లాంటివి 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వస్తాయి. తేమ, కర్బనం, నత్రజని ఎంతుండాలో అందులో ఉంది. ముందుగా మీ మండల వ్యవసాయాధికారిని కలవండి. తయారీలో శిక్షణకు దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. అగ్రికల్చర్ డిగ్రీ ఉన్నవాళ్లకు అగ్రి క్లినిక్స్ పథకం ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ ఆధ్వర్యంలో 45 రోజుల శిక్షణ ఇస్తారు.

ఇదంతా చదువు మానేసి చేయమని కాదు. ఈ ఆదివారం ఒక సంచి తెచ్చుకోండి, పెసల పరీక్షతో మొదలుపెట్టండి. నెల తర్వాత రెజ్యూమె తెరిచి ‘గార్డెనింగ్’ అన్న మాట పక్కన ఇంకో మూడు మాటలు చేర్చండి: ‘పది కుండీలు, లెక్కలతో’.