కార్ లైన్లో మిస్టర్ మామ్

"నాన్నా, ఇటు కాదు! అమ్మ అటు నుంచి వస్తుంది!"

వెనక సీట్లోంచి మా అమ్మాయి అరుస్తూనే ఉంది. చెవికి బ్లూటూత్ తగిలించుకుని ఆఫీసు మీటింగులో మునిగి ఉన్న నాకు వినిపిస్తేగా! బడి కార్ లైన్లోకి ఎదురు దిక్కున దూరేశాను. అన్ని కార్ల వాళ్ళూ నన్నే చూస్తున్నారు. చేతిలో స్టాప్ బోర్డుతో ఒక పెద్దావిడ వచ్చి, అద్దం దించమని సైగ చేసి, "మిస్టర్ మామ్ సినిమా చూశారా?" అని నవ్వింది.

చూడలేదు. ఆ శనివారం లైబ్రరీ నుంచి డీవీడీ తెచ్చి ఇంటిల్లిపాదీ చూశాం.

1983 నాటి సినిమా. దర్శకుడు స్టాన్ డ్రాగోటి. రాసింది జాన్ హ్యూస్, తర్వాత 'హోమ్ అలోన్' రాసినాయనే. కథ జరిగేది మా డెట్రాయిట్‌లోనే! కార్ల కంపెనీ ఇంజినీరు జాక్ (మైకేల్ కీటన్) ఉద్యోగం ఊడుతుంది, భార్య (టెరీ గార్) అడ్వర్టైజింగ్ కంపెనీలో చేరుతుంది. ముగ్గురు పిల్లలతో సహా ఇల్లంతా జాక్ నెత్తిన పడుతుంది. మొదటిరోజు బడి దగ్గర అచ్చం నాలాగే ఎదురెళ్తాడు. వాక్యూమ్ క్లీనరేమో రాక్షసిలా ఇల్లంతా తిరుగుతుంది. మా పిల్లలు పడీపడీ నవ్వారు. (పీజీ రేటింగు. పెద్దవాళ్ళ జోకులు కొన్ని ఉన్నాయి, రిమోట్ దగ్గర పెట్టుకోండి.)

నన్ను పట్టుకున్నది మాత్రం దుప్పటి సీను. రెండోవాడు వదలని పాత దుప్పటి గురించి తండ్రి వాడితో పెద్దమనిషితో మాట్లాడినట్టు, తీరిగ్గా మాట్లాడతాడు. నేను మా పిల్లలతో అలా మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

మా ఇంట్లో ఉద్యోగం ఊడలేదు లెండి. 2015లో హెచ్-4 వీసా మీదున్న కొందరికి పనిచేసే అనుమతి వచ్చింది. ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉన్న మా ఆవిడ ఉద్యోగంలో చేరింది. "దింపి రావడమేగా, అదెంత?" అన్నాను. మొదటి వారమే బడి ఆఫీసులో "మీ అమ్మాయి టీచరు ఎవరు?" అని అడిగితే చెప్పలేక మా ఆవిడకి ఫోన్ చేశాను. పక్కన నిలబడ్డ అమ్మాయి తల దించుకుంది. అది మాత్రం కామెడీ కాదు.

సినిమా అయ్యాక అదే అడిగింది: "అమ్మ రోజూ ఇవన్నీ చేస్తే ఎవరూ నవ్వరేం నాన్నా?" మా ఆవిడ నా వంక చూసి ఊరుకుంది.

సోమవారం మీటింగు తొమ్మిదికి జరిపించాను. ఫోను బ్యాగులో పడేసి, దారంతా అమ్మాయి కబుర్లు విన్నాను. కార్ లైన్లోకి సరైన దిక్కునే వెళ్ళాను. స్టాప్ బోర్డావిడ చప్పట్లు కొట్టింది.

లంచ్ బాక్సు మాత్రం వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.