మెంతులు – మధుమేహము

సిద్దిపేట జిల్లా రాయపోలులోనైనను, మరి యే తెలుగూరనైనను, మెంతులు లేని వంటిల్లు అరుదు. పోపునకు చిటికెడు చాలును, మించినచో చేదు! ఇవి మధుమేహమునకు మంచివని పెద్దలందురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఈ మాటను పరీక్షించి, 1990లో ఫలితములు ప్రకటించిరి. ఇన్సులినుపై ఆధారపడిన రోగులకు, నూనె తీసిన మెంతిపిండి దినమునకు 100 గ్రాములు, రెండు పూటల భోజనములలో కలిపి పది దినములు పెట్టిరి. రక్తములోని చక్కెర తగ్గెను. మూత్రమున పోవు చక్కెర సగమునకు పైగా తగ్గెను.

కారణమేమి? నానిన మెంతులు జిగురెక్కుట పిల్లలెల్లరు చూచినదే. ఆ జిగురు గాలక్టోమానన్ అను పీచుపదార్థము. అది ప్రేగులలో చిక్కబడి, చక్కెర రక్తమున చేరు వేగమును తగ్గించును.

అయినను 100 గ్రాములెక్కడ, పోపులోని చిటికెడెక్కడ! ఇన్సులిను బొత్తిగా ఊరని రోగి మెంతులను నమ్మి సూదిమందు మానినచో, కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగును.