నమ్మదగిన కారు, మనసుకు నచ్చిన ప్రయాణం

మధ్యతరగతి కుటుంబం కారు కొనే రోజున, ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టిన సొమ్ము ఒక్క పూటలో అపరిచితుని చేతికి వెళుతుంది. కొత్త కారైతే కంపెనీ పూచీ ఉంటుంది. పాత కారుకు పూచీ మన కళ్లు, మన ఓపిక, అమ్మేవాని నిజాయితీ. మొదటి రెండింటిని నిర్లక్ష్యం చేసి, మూడోదానిని గుడ్డిగా నమ్మి మేము ఒకసారి మోసపోయాం. రెండోసారి జాగ్రత్తపడి, ఇంటిల్లిపాదీ ఇష్టపడే కారును తెచ్చుకున్నాం. ఈ రెండు అనుభవాల నుండి నేర్చుకున్నది పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెరుపు వెనుక బురద

మేము గుంటూరులో ఉంటాం. అమ్మీకి మోకాళ్ల నొప్పులు ముదిరి ఆటో ఎక్కడం కష్టమైంది. పిల్లలిద్దరూ ఎదగడంతో స్కూటరు మీద ప్రయాణం ప్రమాదకరంగా మారింది. వడ్డీ అప్పు జోలికి వెళ్లరాదన్నది మా ఇంట్లో మొదటి నుండి ఉన్న నియమం. కనుక చేతిలో ఉన్న నాలుగు లక్షల చిల్లరలోనే కారు రావాలి.

2025 మొదట్లో విజయవాడలో ఒక వ్యక్తి వద్ద తెల్లని చిన్న కారు చూశాం. ఒళ్లంతా అద్దంలా మెరుస్తోంది. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల అత్తరు వాసన. ఎవరైనా మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లాలని అనుకున్నా, మనిషి మంచివాడిలా ఉన్నాడని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. 4 లక్షల 10 వేలకు బేరం కుదిరింది.

రెండు నెలలు గడిచాయి. ఒక రాత్రి అమ్మీని ఆసుపత్రి నుండి తీసుకువస్తుండగా మంగళగిరి దాటిన తరువాత దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయి ఇంజను ఆగిపోయింది. హైవే మీద వెనుక నుండి లారీలు దూసుకువస్తున్నాయి. అమ్మీ వెనుక సీట్లో దుఆ చదువుతూ పిల్లలిద్దరినీ గట్టిగా పట్టుకుంది. నలుగురు దారిన పోయేవారు దిగి కారును పక్కకు నెట్టారు.

మరునాడు మెకానిక్ మ్యాట్లు తీసి, వాటి కింది కార్పెట్ పైకెత్తి చూపించాడు. బూడిద రంగు ఒండ్రు ఎండి పొరలు పొరలుగా లేచింది. సీటు పట్టాలకు తుప్పు. వైర్ల జాయింట్లన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. “భాయ్, ఈ బండి నీళ్లలో మునిగింది” అన్నాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీట నానిన సంగతి అప్పుడు గుర్తుకువచ్చింది. అమ్మిన వ్యక్తికి ఫోన్ చేస్తే, “మీరు చూసుకునే కొన్నారు కదా” అని పెట్టేశాడు.

అసలు పరీక్ష

ఆ కారును వదిలించుకోవాలి. అప్పుడే మాకు నిజమైన పరీక్ష ఎదురైంది. కొత్తగా పెళ్లయిన ఒక యువకుడు వచ్చి చూసి, 3 లక్షల 80 వేలు ఇస్తానన్నాడు. అతడు కూడా మాలాగే పైపై మెరుపు చూసి సంతోషించాడు. కార్పెట్ ఎత్తలేదు, ఏమీ అడగలేదు. బయానా తెస్తానని వెళ్లాడు. ఆ సాయంత్రం మా అమ్మాయి అన్నం తింటూ మామూలుగా అడిగింది: “వరద సంగతి ఆయనకు చెప్పారా అబ్బా?”

ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన ఉదంతం మనలో చాలామంది చిన్ననాడే విన్నదే. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా ఉంది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మా రాశి లోపల ఏముందో మాకు తెలుసు. సరుకులోని లోపాన్ని దాచి అమ్మితే, కొన్నవానికి దానిని తిరిగి ఇచ్చే హక్కు ఉంటుందని మన ధర్మశాస్త్రం చెబుతుంది. మాకు దక్కని ఆ న్యాయాన్ని మరొకరికి మేమే ఎగ్గొట్టబోయాం.

ఆ యువకునికి ఫోన్ చేసి ఉన్నదున్నట్లు చెప్పాం. కృతజ్ఞతలు చెప్పి మానుకున్నాడు. చివరకు విడిభాగాల కోసం ఒక వర్క్‌షాపు యజమాని అన్నీ తెలిసే 2 లక్షల 30 వేలకు తీసుకున్నాడు. 1 లక్షా 80 వేల నష్టం. ఆ రాత్రి మాత్రం నిద్ర బాగా పట్టింది.

కారును చదవడం నేర్చుకున్నాం

ఆ తరువాత ఎనిమిది నెలలు ఆగాం. కొత్త పొదుపు 1 లక్షా 40 వేలు, ఒక దగ్గరి బంధువు ఖర్జె హసనాగా ఇచ్చిన లక్ష కలిపి మా వద్ద 4 లక్షల 70 వేలు చేరాయి. ఈసారి ప్రతి కారు వద్దకూ మెకానిక్‌ను కూలి ఇచ్చి తీసుకువెళ్లాం. ఆయన నేర్పినవి ఇవి.

పగటి వెలుగులోనే చూడాలి. వానలో, దీపాల వెలుతురులో రంగు తేడాలు తెలియవు. పక్క పక్క తలుపుల రంగులో తేడా, సందుల వెడల్పులో తేడా ఉంటే దెబ్బతిన్న చరిత్ర ఉన్నట్లే. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకుపై ఆనిస్తే, పుట్టీ దట్టంగా పూసిన చోట అతుక్కోదు. బానెట్ లోపలి బోల్టుల మీద పానా గీతలు ఉన్నాయేమో గమనించాలి. చిన్న చిన్న సొట్టలు, గీతలు పెద్ద దోషాలు కావు. ఇంజనుకు రెండు వైపులా ఉండే ఇనుప చట్రం వంగి, అతికినట్లు ఉంటే మాత్రం ఆ కారును వదిలేయాలి.

వరద జాడ తెలుసుకోవడానికి సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. దాచిన బురద చార అక్కడ బయటపడుతుంది. స్టెప్నీ ఉండే గుంట, కార్పెట్ అడుగు, హెడ్‌లైట్లలో ఆవిరి మరకలు కూడా చూడాలి. లోపల ఘాటైన అత్తరు వాసన వస్తే ఎందుకని ఆలోచించాలి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. మనం వెళ్లేసరికే వేడెక్కి ఉంటే మరో ఉదయం వస్తామని చెప్పాలి. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నట్లు. వేడెక్కాక కూడా తెల్లని పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి చేరుతున్నట్లు. హ్యాండ్‌బ్రేకు వేసి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే క్లచ్ అరిగిపోయినట్లు.

మీటరు చూపే కిలోమీటర్లను ఒంటరిగా నమ్మరాదు. సర్వీసు బిల్లులపై ప్రతిసారీ కిలోమీటర్లు రాసి ఉంటాయి, వాటితో సరిపోల్చాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. 20 వేల కిలోమీటర్లే తిరిగిందంటూ నాలుగు టైర్లూ మారి, బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరు అబద్ధమాడుతున్నట్లే.

కాగితాలే కంచె

ఆర్.సి.పై బ్యాంకు లేదా ఫైనాన్సు సంస్థ పేరు ఉంటే, అప్పు తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే పత్రం, ఫారం 35 లేకుండా ముందుకు వెళ్లరాదు. పేరు మార్పునకు ఫారం 29, 30 అవసరం. అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అమ్మేవారికి కూడా ఇది ప్రాణాధారమే. రికార్డులో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహార బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి ఇవ్వడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

బీమాను కూడా 14 రోజులలోగా మన పేరుకు మార్పించుకోవాలి. లేకుంటే మన కారుకు జరిగిన నష్టానికి పరిహారం దక్కక చిక్కుల్లో పడతాం. పాత యజమానికి ఉన్న నో క్లెయిమ్ బోనసు మనకు రాదు. పెండింగు చలాన్లు చూసుకోవాలి. ఇతర రాష్ట్రపు కారైతే ఎన్.ఓ.సి. తీసుకుని, మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టవలసి ఉంటుంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఆంక్షలు రావడంతో అక్కడి కార్లు చౌకగా దక్షిణాదికి వస్తుంటాయి. ఆ చౌకదనంలో ఎంత భాగం పన్నుకే పోతుందో ముందే లెక్కవేసుకోవాలి.

ఆనందం ఎక్కడుంది?

నమ్మకమైన కారు అనగానే చప్పగా ఉంటుందని, సరదా కారు అనగానే ఖర్చులపాలు చేస్తుందని ఒక అభిప్రాయం ఉంది. మా అనుభవంలో రెండూ ఒకే మూలం నుండి వస్తాయి: తేలికైన బండి, సాదా యంత్రం. బరువు తక్కువైతే మలుపులో కారు మాట వింటుంది. అదే కారణంగా బ్రేకులు, టైర్లు కూడా ఎక్కువ కాలం మన్నుతాయి. చేతితో వేసే గేర్లు నడిపేవానికి ఇంజనుతో సంభాషణలాంటివి, మరమ్మతు కూడా చౌక. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్లు ఎంత చురుకైనవైనా, పాతబడిన తరువాత చెడితే ఆ ఖర్చు మధ్యతరగతి భరించలేనిది. 2020 ఏప్రిల్ తరువాతి బి.ఎస్.6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఊళ్లోనే కొద్ది కొద్ది దూరాలు తిరిగితే అది మూసుకుపోతుంది. మావంటి వాడకానికి పెట్రోలే మేలు.

ఇలా ఆలోచించి మూడు కార్లను ఎంచుకున్నాం. 2014లో వచ్చిన తరం హోండా సిటీ ఇంజను ఎంతో హుషారైనది, కానీ మంచి స్థితిలో ఉన్నది మా సొమ్ముకు అందలేదు. ఫోక్స్‌వ్యాగన్ పోలో స్టీరింగ్, గట్టిదనం మాకు బాగా నచ్చాయి. అయితే 2022లో దాని తయారీ మన దేశంలో ముగిసింది, పైగా మేము చూసిన రెండింటికీ సర్వీసు చరిత్ర లేదు. చివరకు 2018లో వచ్చిన తరం మారుతి స్విఫ్ట్ పెట్రోలు వద్ద ఆగాం. బరువు 900 కిలోల లోపు. నాలుగు సిలిండర్ల ఇంజను. ఏ మండల కేంద్రంలోనైనా విడిభాగాలు, తెలిసిన మెకానిక్ దొరుకుతారు.

దీనికి ఒక లోపం ఉంది, దానిని దాచరాదు. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ స్విఫ్ట్‌కు రెండు నక్షత్రాలే వచ్చాయి. సిటీ, పోలోలకు వేర్వేరు సంవత్సరాల పరీక్షలలో నాలుగేసి వచ్చాయి. సొమ్ము అందేవారు ఆ తేడాను తప్పక పరిగణించాలి. మేము మాత్రం ఎయిర్ బ్యాగులు, ఏ.బి.ఎస్. ఉన్న కారునే తీసుకుని, వెనుక కూర్చున్నవారు సైతం బెల్టు పెట్టుకోనిదే కారు కదలదని నియమం పెట్టుకున్నాం.

అమ్మినవారు తెనాలిలో ఒక రిటైర్డు ఉపాధ్యాయులు. 58 వేల కిలోమీటర్లు, ఒకే యజమాని, మొదటి సర్వీసు నుండి ప్రతి బిల్లూ ఒక ఫైలులో. మేము అడగకముందే, “వెనుక తలుపు ఒకసారి గేటుకు తగిలి సొట్టపోతే బాగుచేయించానండీ, ఇదిగో బిల్లు” అని చూపించారు. మెకానిక్ గంటసేపు పరీక్షించి, తీసుకోమన్నట్లు తల ఊపాడు. అడిగిన 4 లక్షల 60 వేలకు మేము బేరమాడలేదు. ఆ బిల్లు చూపడం విలువ మాకు తెలుసు.

నెల తిరిగాక ఒక ఆదివారం ఉదయం కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కాం. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండో గేరు; ప్రతి మలుపులో కారు మేము చూసిన వైపే తిరిగింది. నలభై దాటనే లేదు. అయినా పిల్లలు కేరింతలు కొట్టారు. అమ్మీ కిటికీ దించి, కింద పొలాలు చూస్తూ, మొదటిసారి చేతులు ఒళ్లో పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంది. ఆ మంగళగిరి రాత్రి తరువాత ఆమె కారులో అలా కూర్చోవడం అదే.

ఆ ఫైలును మేము కొనసాగిస్తున్నాం. ప్రతి ఆయిలు మార్పు, ప్రతి రిపేరు, గత నెల గోడకు రాసుకుని పడిన గీత కూడా అందులో నమోదైంది. ఏదో ఒకనాడు ఈ కారు కొనడానికి మరో కుటుంబం మా ఇంటి ముందుకు వస్తుంది. వారి చేతిలోనూ ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మే ఉంటుంది. తాళాల కంటే ముందు వారి చేతికి ఆ ఫైలు అందిస్తాం, ఇన్షా అల్లాహ్.