గుండెకు ముల్లుగర్రా, పగ్గమూ

"డాక్టరుగారూ! గుండె బలానికి మంచి టానిక్కు రాయండి" అని అడిగేవారు మా ఏజెన్సీ పల్లెల్లోనే కాదు, ఖమ్మం పట్టణంలోనూ ఉన్నారు. నిజానికి గుండెకు టానిక్కంటూ ఏదీ లేదు. గుండె నిమిషానికి సుమారు 70 సార్లు ముడుచుకుని, 5 లీటర్ల రక్తాన్ని ఒళ్ళంతటికీ పంపుతుంది. ఆ ముడుచుకునే బలాన్ని పెంచే మందులు కొన్ని, తగ్గించే మందులు కొన్ని. ఎద్దుబండి తోలేవాడికి ముల్లుగర్రా, పగ్గమూ రెండూ ఉన్నట్టే.

గుండె కండరం ముడుచుకోవాలంటే దాని కణాలలో కాల్షియం పెరగాలి. డిజాక్సిన్ ఆ కాల్షియాన్ని పెంచి, గుండె మరింత గట్టిగా ముడుచుకునేట్టు చేస్తుంది. ఈ జాతి మందు డిజిటాలిస్ అనే మొక్క ఆకులలో ఉంది. దాని గుణాన్ని 1785లో విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు గ్రంథస్థం చేశాడు. మన పెరళ్ళలోని పచ్చగన్నేరు గింజల్లోనూ ఇటువంటి పదార్థమే ఉంది. అయితే అది మందు కాదు, ప్రాణం తీసే విషం. ఎవరైనా తింటే పసర్లు పోస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

డిజాక్సిన్‌లో మేలు చేసే మోతాదుకూ, కీడు చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. ఆకలి చచ్చిపోవడం, వాంతులు, చూపు పసుపుపచ్చగా మారడం, నాడి మందగించడం ప్రమాద సూచనలు. మన ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో పొటాషియం తగ్గి, మూత్రపిండాల పని మందగిస్తుంది. అప్పుడు రోజూ వేసుకునే బిళ్ళే విషం కావచ్చు.

మెటొప్రొలాల్ వంటివి పగ్గం లాంటివి. గుండె వేగాన్నీ, బలాన్నీ తగ్గిస్తాయి. "నీరసించిన గుండెకు ఇవెందుకు?" అని మీరు అడగవచ్చు. ఒకప్పుడు వైద్యులూ అలాగే భయపడ్డారు. కాని ఈ జాతిలో కొన్ని మందులను కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే, అటువంటి రోగుల ఆయుష్షు పెరుగుతుందని 1990లలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. అలసిన ఎద్దును పొడిచి తోలడం కంటే నెమ్మదిగా నడిపించడమే మేలు కదా!

అయితే ఈ పగ్గాన్ని ఒక్కసారిగా వదలకూడదు. హఠాత్తుగా మానితే గుండెదడ, ఛాతీనొప్పి, ఒక్కొక్కప్పుడు గుండెపోటు కూడా రావచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలా దారులు మునిగితే చర్ల, దుమ్ముగూడెం వైపువారికి మందులు అందడం కష్టం. అందుచేత వానలకు ముందే నెలకు సరిపడా బిళ్ళలు తెచ్చి ఉంచుకోండి. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఇరుగుపొరుగువారి బిళ్ళలు మీరు వేసుకోవద్దు, మీవి వారికి ఇవ్వవద్దు. మోతాదు పెంచాలన్నా, మానాలన్నా డాక్టరు చెప్పిన తర్వాతే.